హన్మకొండలో సెకండ్‌హ్యాండ్ పీఎస్4: కొన్నప్పటి నుంచి డబ్బు వాపసు వచ్చేదాకా నా అనుభవం

2025 మే 17న హన్మకొండలో పాత వీడియో గేములు, కన్సోళ్లు (టీవీకి కలిపి గేములు ఆడే యంత్రాలు) అమ్మే ఒక దుకాణంలో మా తమ్ముడికి సెకండ్‌హ్యాండ్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4) స్లిమ్ కొన్నాం. మా డబ్బు మాకు తిరిగి వచ్చింది సెప్టెంబరు 20న, ఎంగిలిపూల బతుకమ్మకు ముందు రోజు. మధ్యలో జరిగిందంతా వరుసగా రాస్తున్నాను. అదే దుకాణంలో మాలాగే దెబ్బతిన్న పిల్లలు ఇంకొందరు ఉన్నారని నాకు దారిలో తెలిసింది. "బిల్లు లేదు కదక్కా, ఏం చేస్తం" అని వాళ్లు వదిలేసుకున్నారు. బిల్లు మాకూ లేదు. రాజీ అయిన వ్యవహారం కాబట్టి దుకాణం పేరు మాత్రం రాయను.

తమ్ముడు ఇంటర్ సెకండియర్. ఏప్రిల్ 22న రిజల్ట్స్ వచ్చాయి, మే మొదటి వారంలో ఎప్‌సెట్ రాశాడు. మంచి మార్కులొస్తే ప్లేస్టేషన్ కొనిస్తానని బాపు ఎప్పుడో మాటిచ్చాడు. కొత్త పీఎస్5 యాభై వేల పైమాట, మా వల్ల కాదు. ఈ దుకాణం వాళ్లు రోజూ వాట్సాప్ స్టేటస్‌లో సరుకు పెడతారు. పీఎస్4 స్లిమ్, 1 టీబీ, రెండు కంట్రోలర్లు, ఇరవై గేములు లోడ్ చేసి ఇస్తాం, ఆర్నెల్ల వారంటీ, 19,500 రూపాయలు అని పెట్టారు. మా దగ్గర కరీంనగర్ బావ ఇచ్చిన పాత పీఎస్3, దాని డిస్కులు ఉన్నాయి. ఫొటోలు పంపితే "ఎక్స్‌ఛేంజ్ 5,000 వస్తది" అని మెసేజ్ పెట్టారు. ఆ మెసేజ్‌ను నేను చెరపలేదు.

కౌంటర్ దగ్గరికి పోయాక లెక్క మారింది. దుకాణదారు ముందు పీఎస్3ని తీసుకుని లోపల పెట్టేశాడు. తర్వాత డిస్కులన్నీ కవర్లలోంచి తీసి లైటు కింద తిప్పి చూశాడు. "గీతలున్నయక్కా. రెండువేల ఐదొందలు వేసుకుంట" అన్నాడు. ఐదు వేలని మెసేజ్ పెట్టారు కదా అంటే, "అది చూడకముందు చెప్పింది. మీ ఇష్టం. ఐదింటికి ఇంకో పార్టీ వస్తున్నడు దీనికోసం" అన్నాడు. తమ్ముడు అప్పటికే కంట్రోలర్ చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఎక్స్‌ఛేంజ్ పోను 17,000 కట్టాల్సి వచ్చింది. తర్వాతి వారమే అదే పీఎస్3 వాళ్ల స్టేటస్‌లో కనిపించింది, మూత మీద మా బావ అంటించిన క్రికెట్ స్టిక్కర్‌తో సహా. ధర 7,000, "డిస్కులన్నీ నీట్ కండిషన్". అది కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

ఫోన్‌పే చేస్తానంటే రెండు శాతం ఎక్కువ కట్టాలన్నాడు. నేను ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు చూస్తాను. యూపీఐ తీసుకున్నందుకు వ్యాపారి దగ్గర చార్జీ వసూలు చేయడం 2020 జనవరి నుంచే లేదు. ఆ మాట చెప్తే కౌంటర్ మీదున్న క్యూఆర్ పక్కన పెట్టి, ఫోన్‌లోంచి ఇంకో క్యూఆర్ చూపించాడు. స్కాన్ చేస్తే ఎవరో మనిషి పేరు వచ్చింది, దుకాణం పేరు రాలేదు. పంపేటప్పుడు నోట్‌లో "పీఎస్4 స్లిమ్ బాకీ మొత్తం" అని రాసి పంపాను.

బిల్లు అడిగితే "జీఎస్టీ బిల్లయితే 18 శాతం కలుస్తది, ఇంకో మూడువేల ఐదొందలు పెట్టుకోవాలె" అన్నాడు. పాత సరుకు కొని అమ్మేవాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకోవడం) తీసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీద మాత్రమే జీఎస్టీ కట్టే వీలుంది. మొత్తం ధర మీద కాదు. నేనది చెప్పేసరికి అతనికి కోపం వచ్చింది. చివరికి ఒక తెల్ల కాగితం మీద "పీఎస్4, 19,500, ఎక్స్ 2,500, 6 నెలలు" అని రాసిచ్చాడు. సంతకం లేదు, ముద్ర లేదు, తేదీ కూడా లేదు. నేను కన్సోల్‌ను తిప్పి వెనక ఉన్న సీరియల్ నంబర్ లేబుల్‌ను ఫొటో తీశాను. "అదెందుకక్కా?" అన్నాడు. మా ఏజెన్సీలో బ్యాచ్ నంబర్ రాయకుండా ఒక్క డబ్బా బయటికి పోదు, ఆ అలవాటు అని చెప్పాను.

మొదటి పది రోజులు ఇంట్లో పండగే. రాత్రి తన దుకాణం మూసొచ్చాక బాపు కూడా కూర్చుని కార్ల గేము ఆడేవాడు. రెండో కంట్రోలర్ మాత్రం గంటలో చార్జింగ్ అయిపోయేది. తమ్ముడే కనిపెట్టాడు: స్లిమ్‌తో వచ్చే అసలైన డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్‌లో టచ్‌ప్యాడ్ పైభాగాన సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది, దీనికి లేదు. డూప్లికేట్. ఒరిజినల్ అని చెప్పే ఇచ్చారు.

మే 28న పొద్దున ఆన్ చేస్తే అన్ని గేముల మీద తాళం గుర్తు. ఏది నొక్కినా తెరుచుకోదు. కొన్నరోజు వాళ్లు ఒక మాట చెప్పారు, "పైన ఉన్న యూజర్‌ను ముట్టుకోవద్దు, మీది వేరే యూజర్ చేస్కోండి" అని. ఎందుకో అప్పుడు చెప్పలేదు. ఆ ఇరవై గేములు ఎవరివో అకౌంట్‌లో కొన్నవి. ఆ అకౌంట్‌ను మా కన్సోల్‌లో ప్రైమరీగా పెట్టారు. అలా పెడితే ఆ కన్సోల్‌లో ఏ యూజర్ అయినా ఆ గేములు ఆడొచ్చు. అకౌంట్ పాస్‌వర్డ్ ఉన్నవాడు ఎక్కడో కూర్చుని అన్ని డివైజ్‌లను డీయాక్టివేట్ చేస్తే, మా ఇంట్లో తాళాలు పడతాయి. ఒకే అకౌంట్‌ను ఇలా ఒకరి తర్వాత ఒకరికి తిప్పి అమ్ముతున్నారన్నమాట. ఆ ఇరవై గేముల్లో ఒక్కటి కూడా ఏనాడూ మావి కావు.

తమ్ముడు ఫోన్ చేస్తే దుకాణదారు చాలా మామూలుగా మాట్లాడాడు. "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం తమ్మీ. తీస్కరా, పదిహేనువందలు, మళ్ల ఏస్త." వారంటీ ఉంది కదా అంటే "వారంటీ మిషన్‌కు, గేములకు కాదు."

ఆ వారం తమ్ముడు సరిగ్గా తినలేదు. "నేను ఏం నొక్కలే అక్కా, ఒట్టు" అని నాతో, అవ్వతో, బాపుతో మళ్లీ మళ్లీ చెప్పాడు. ఎవరూ వాడిని ఏమీ అనలేదు. అయినా తన చేతిలో పాడైందని వాడి భయం. పదిహేడు వేలంటే మా ఇంట్లో ఎంతో వాడికి తెలుసు. నాకు దుకాణం మీద మొదటిసారి నిజంగా కోపం వచ్చింది అప్పుడే. మోసం వాళ్లు చేశారు, తప్పు చేసినవాడిలా నా తమ్ముడు తలదించుకున్నాడు.

జూన్ 7న బాపు, తమ్ముడు కన్సోల్ తీసుకుపోయి, 1,500 నగదు కట్టి వదిలి వచ్చారు. రసీదు ఇవ్వలేదు. మూడు రోజులన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా "రేపు", "టెక్నీషియన్ హైదరాబాద్ పోయిండు" అనేవారు. చివరికి జూన్ 21 సాయంత్రం ఇచ్చారు, దాంతో పాటు ఒక చిన్న పెన్‌డ్రైవ్ కూడా. "ఆన్ చేసినప్పుడల్లా ఇది పెట్టాలె, లేకుంటే గేములు రావు. అప్‌డేట్ అడిగితే అస్సలు నొక్కకు" అని చెప్పి పంపారట.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి తమ్ముడు కన్సోల్‌ను టీవీ దగ్గర పెట్టి, ఆన్ చేయకుండా చూస్తూ కూర్చున్నాడు. "అక్కా, ఇది మనది కాదు" అన్నాడు. మా దానికి పవర్ బటన్ పక్కన చిన్న గీత ఉండేది, దీనికి లేదు. దీని మూల ఒకటి నొక్కుకుపోయి ఉంది. నేను మే 17న తీసిన ఫొటో తెరిచి వెనక లేబుల్‌తో పోల్చాను. సీరియల్ నంబర్ వేరు. ఒక్కో అక్షరం వేలు పెట్టి రెండుసార్లు చదివాను. చేతులు చల్లబడ్డాయి. మన వస్తువు మన చేతిలోంచి తీసుకుని, రెండు వారాలు తిప్పించి, ఇంకోటి ఇచ్చి పంపారు.

సెట్టింగ్స్‌లో చూస్తే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ 9.00. అది 2021 నాటిది, మేం చూసేనాటికి పీఎస్4 సాఫ్ట్‌వేర్ 12 దాటింది. ఆ పాత వెర్షన్‌లో ఉన్న లొసుగు వాడుకుని జైల్‌బ్రేక్ చేస్తారు (అంటే కంపెనీ పెట్టిన కట్టడిని తప్పిస్తారు), కన్సోల్ ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ చేసుకోవాలి. లోపలున్న గేములన్నీ దొంగ కాపీలు. అప్‌డేట్ చేస్తే అవి పోతాయి, చేయకపోతే ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి పోలేం, స్నేహితులతో ఆన్‌లైన్ ఆడలేం. తమ్ముడికి కావలసిందల్లా స్నేహితులతో ఆడుకోవడమే.

జూన్ 23న ఆఫీసు అయ్యాక నేనే పోయాను. ఫొటో చూపించాను. "స్టిక్కర్ మార్చినం, మిషన్ అదే" అన్నాడు. మూల నొక్కుకుపోవడం చూపిస్తే "మీరే పడేసిండ్రేమో" అన్నాడు. డబ్బు వాపసు ఇవ్వమన్నాను. అతను గోడ మీద బోర్డు చూపించాడు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. తర్వాత స్వరం తగ్గించి, "మీరన్నరని చేస్తున్న, తొమ్మిదివేలు షాపు క్రెడిట్ ఇస్త. పైసలు ఇయ్య, వేరే ఏదన్నా తీస్కోండి" అన్నాడు. నాకు క్రెడిట్ వద్దన్నాను. అప్పుడు అక్కడ నిలబడ్డ కుర్రవాళ్లందరి ముందు గట్టిగా, "కేసు ఏస్కోండి మేడం, బిల్లు ఉందా మీ దగ్గర?" అన్నాడు.

అప్పటిదాకా అక్కా అన్నవాడు మేడం అన్నాడు. బయటికి వచ్చి బండి స్టార్ట్ చేసినా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అదాలత్ చౌరస్తా దగ్గర పక్కకు ఆపి కాసేపు కూర్చుని, ఇంటికి పోయాను.

జూలై 1న 1915కు ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడొచ్చు. అవతలి అమ్మాయి ఓపికగా విని ఫిర్యాదు రాసుకుని డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) ఇచ్చింది. అక్కడ పని జరగాలంటే అవతలివాళ్లు జవాబివ్వాలి. పెద్ద కంపెనీలు ఇస్తాయేమో, మా దుకాణం ఇవ్వలేదు. రెండు వారాలు చూశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని సలహా ఇచ్చి ముగించారు. ఆ డాకెట్ నంబర్ తర్వాత అర్జీలో రాసుకోవడానికి పనికొచ్చింది.

ఈలోగా తమ్ముడు తన కాలేజీ గ్రూపులో అడిగాడు. పరకాల అబ్బాయి ఒకడు, జనగామ అబ్బాయి ఒకడు ఫోన్ చేశారు. ఇద్దరికీ అవే తాళాలు, అవే పదిహేనువందలు. జనగామ అబ్బాయి రెండుసార్లు కట్టి, ఇంట్లో తిడతారని ఆ సంగతే చెప్పలేదట. వాడి గొంతు విన్నాక దీన్ని మధ్యలో ఆపకూడదనుకున్నాను.

నోటీసు పంపుదామంటే ఎవరి పేరు మీద పంపాలో తెలియలేదు. ఇలాంటి అడ్డంకి వస్తుందని నేను ఊహించలేదు. బోర్డు మీద దుకాణం పేరే తప్ప యజమాని పేరు లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న దుకాణం తన నంబర్‌ను అందరికీ కనిపించేలా పెట్టాలి, అక్కడ అదీ లేదు. యూపీఐ రసీదులో వచ్చిన పేరే చివరికి దారి చూపింది. అది యజమాని పేరేనని మా ఏజెన్సీకి వచ్చే ఒక డ్రైవర్ అన్న కనుక్కుని చెప్పాడు. నోటీసు వకీలు రాయాలని లేదు. నేనే తెలుగులో రెండు పేజీలు రాశాను: ఏం కొన్నాం, ఎంత కట్టాం, రెండు సీరియల్ నంబర్లు, ఏం కావాలి, పదిహేను రోజుల గడువు. జూలై 14న అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్ట్ చేశాను, యాభై రూపాయల లోపే అయింది. నాలుగైదు రోజులకు కార్డు తిరిగి వచ్చింది, దాని మీద అతని సంతకం. మొత్తం వ్యవహారంలో అతని సంతకం ఉన్న మొదటి కాగితం మా చేతికి పోస్టాఫీసు ద్వారా వచ్చింది.

గడువు అయిపోయింది, జవాబు లేదు. ఆగస్టు 2న, వినియోగదారుల కమిషన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టే ఈ-జాగృతి పోర్టల్‌లో అర్జీ వేశాను. సరుకు విలువ ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. కట్టిన 17,000, రిపేరు పేరుతో తీసుకున్న 1,500, పీఎస్3కి వేసుకున్న 2,500, మానసిక బాధకు 5,000 అడిగాను. అతను రాసిచ్చిన చిట్టీ, ఫోన్‌పే రసీదు, వాట్సాప్ చాట్, పీఎస్3 స్టేటస్ స్క్రీన్‌షాట్, రెండు లేబుళ్ల ఫొటోలు, పోస్టు కార్డు జతచేశాను. ప్రమాణ పత్రానికి నోటరీ 200. వాట్సాప్, ఫొటోల లాంటివాటికి వేరే సర్టిఫికెట్ పెట్టాలి. పాతవాళ్లు 65బీ అంటారు, కొత్త సాక్ష్య చట్టంలో అది సెక్షన్ 63. నేను మొదట అది పెట్టలేదని, పేజీ నంబర్లు లేవని అర్జీ వెనక్కి వచ్చింది. సరిచేసి మళ్లీ పంపాను. పోర్టల్‌లో ఓటీపీ పగలు సతాయించేది, రాత్రి పదకొండు దాటాక వచ్చేది. ఆ రాత్రుల్లో తమ్ముడు పక్కన కూర్చుని పేజీలు స్కాన్ చేసి ఇచ్చేవాడు.

అర్జీ రాసేటప్పుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) చదివాను. అనుచిత వ్యాపార పద్ధతులు ఏవేవో అందులో ఉన్నాయి. సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడం వాటిలో ఒకటి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే ముప్పై రోజుల్లో, వెనక్కి తీసుకోనని చెప్పడం ఇంకొకటి. తాళాలు పడ్డాయని మేం ఫోన్ చేసింది కొన్న పదకొండో రోజున. "బిల్లు ఉందా మీ దగ్గర?" అని నలుగురి ముందు నన్ను అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అతనే. అర్జీలో మొదటి అంశంగా అదే రాశాను.

ఆగస్టు చివర్లో అర్జీ స్వీకరించారు, అతనికి నోటీసు వెళ్లింది. సెప్టెంబరు రెండో వారంలో బాపుకు తెలిసిన కాజీపేట పెద్దమనిషి ఒకాయన ఇంటికి వచ్చాడు. "పదివేలు ఇప్పిస్త, ఆడపిల్ల కోర్టుల చుట్టు తిరుగుడెందుకు" అన్నాడు. ఆ రాత్రి బాపు, "పోనీయ్ బిడ్డా, వచ్చిన కాడికి తీస్కుందాం" అన్నాడు. బాపు భయపడింది నాకోసమే. అయినా ఆ మాట నాకు దుకాణంలో జరిగినదానికంటే ఎక్కువ బాధ కలిగించింది. అవ్వ మాత్రం గిన్నెలు సర్దుతూ, "అది ఎవల పైస? ఎందుకు ఇడ్సిపెట్టాలె?" అంది. ఆ తర్వాత బాపు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత దుకాణదారు నేరుగా ఫోన్ చేశాడు. కేసు ముందు వాపసు తీసుకుంటే పదిహేను వేలు వేస్తానన్నాడు. మొత్తం డబ్బు ముందు ఖాతాలో పడాలి, తర్వాతే కమిషన్‌లో రాజీ మెమో వేస్తానని చెప్పాను. సెప్టెంబరు 20న 21,000 వచ్చాయి. ఐదు వేలు నేను వదులుకున్నాను. వాళ్ల కన్సోల్, రెండు కంట్రోలర్లు, పెన్‌డ్రైవ్ తిరిగిచ్చేటప్పుడు సీరియల్ నంబర్ రాసి, ముట్టినట్టు సంతకం చేయించుకున్నాను. మా అసలు కన్సోల్ ఎవరి ఇంట్లో ఉందో ఇప్పటికీ తెలియదు. అక్టోబరు 9న కమిషన్‌లో మెమో తీసుకుని కేసు ముగించారు. జిరాక్సులు, పోస్టు, నోటరీ, పెట్రోలు కలిపి 1,200 దాకా అయింది, కొన్ని పూటల సెలవు వేరే.

పరకాల అబ్బాయి కన్సోల్ కొన్నది 2024 ఫిబ్రవరిలో. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు కాబట్టి 2026 ఫిబ్రవరి దాకా సమయం ఉందని అతనికి చెప్పాను. వాట్సాప్ చాట్, ఫోన్‌పే రసీదులు ప్రింట్ తీయించుకుని ఈ ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. జనగామ అబ్బాయి తన నాన్నకు సంగతి చెప్పాడట. ఆయన నిన్న నాకు ఫోన్ చేసి, మా అర్జీ కాపీ పంపమని అడిగాడు. పంపాను.